వేలి కణుపుల మీద నేర్పిన సంగీతం

ఎనిమిదో గ్రేడు థియరీ పాసైతే లండన్ సంగీత కళాశాలలో సీటు వస్తుందా అని అడిగినవాళ్ళకి నా ఉద్యోగ జీవితంలో మూడు రకాల జవాబులు చెప్పాను. మొదట్లో "ఎందుకు రాదు, తప్పకుండా వస్తుంది" అనేవాణ్ణి. తర్వాత కొన్నాళ్ళు "రాదు, ఆశ పెట్టుకోకండి" అన్నాను. మూడో జవాబు చివర చెబుతాను. అది నాకు తెలియడానికి ఒక అమ్మాయి జీవితంలో ఏడాది ఖర్చయింది. ఖర్చు నాది కాదు కాబట్టి దాన్ని దాచిపెట్టుకునే హక్కు నాకు లేదు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను మారిషస్‌లో పుట్టిన తెలుగువాణ్ణి. ఇంట్లో మాట్లాడింది క్రెయోల్, ఫ్రెంచిలోంచి పుట్టిన మా దీవి భాష. తెలుగు గుడి పక్కన సాయంత్రం బడిలో నేర్చుకున్నది, అందుకే నా రాత కాస్త పలకా బలపం వాసన వేస్తుంది. ఇందులో మనుషులన్న మాటలు చాలామటుకు క్రెయోల్‌లో అన్నవే. తెలుగులోకి తెచ్చుకోగలిగినవి తెచ్చుకున్నాను, రానన్నవాటిని అలాగే ఉండనిచ్చాను.

పియానో లేనివాళ్ళ పరీక్ష

ఆ రోజుల్లో లండన్ నుంచి రెండు రకాల సంగీత పరీక్షలు వచ్చేవి. ఒకటి వాయించేది, రెండోది రాసేది. వాయించే పరీక్షకి ఏడాదికోసారి ఒక పరీక్షకుడు దొర దిగేవాడు. రాసే పరీక్షకి ప్రశ్నపత్రం సీలు వేసిన కవరులో ఓడ మీద వచ్చేది, జవాబులు ఓడ మీదే వెళ్ళేవి, ఫలితం వచ్చేసరికి పిల్లలు తాము ఏం రాశారో మరిచిపోయేవాళ్ళు. ఈ రాసే పరీక్షనే థియరీ అనేవాళ్ళం. ఒకటి నుంచి ఎనిమిది వరకు గ్రేడులు.

మా వాళ్ళు థియరీ మీద ఎగబడ్డారంటే కారణం ఒక్కటే. దానికి పెన్సిలు, రబ్బరు, స్కేలు చాలు. పియానో అక్కర్లేదు. పియానోలు ఉండేది తోటల యజమానుల ఇళ్ళలోనూ కాన్వెంటుల్లోనూ. మా ఇళ్ళలో పియానో పెట్టాలంటే ముందు మనుషులు బయటికి పోవాలి. పెట్టినా రెండేళ్ళలో చెదలు తినేసేవి.

నేను మొదట చక్కెర మిల్లు ఆఫీసులో గుమస్తాని. పోస్టులో తెప్పించుకున్న పాఠాలు చదివి ఎనిమిది గ్రేడులూ ఒకదాని తర్వాత ఒకటి పాసయ్యాను. అప్పటికి నా చేత్తో పియానో మీద ఒక్క మెట్టయినా నొక్కలేదు. ఇది వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుందేమో గానీ ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరికీ వింతగా తోచలేదు. నాకూ తోచలేదు.

ఆ సర్టిఫికెట్లు చూసి కాత్ర్ బోర్న్‌లో పియానో బడి నడిపే మదామ్ ఎలీజ్ నాకు ఉద్యోగం ఇచ్చింది. ఆమె ఫ్రెంచి సంతతి మనిషి. భర్త లేడు, పొలాలు లేవు, ఉన్నదల్లా ఆ పియానో. దాని మూతకు బీగం, ఆ బీగం చెవి ఆమె నడుముకు దారంతో కట్టి ఉండేది. డబ్బున్నవాళ్ళ పిల్లలకి ముందు గదిలో ఆమె పియానో నేర్పేది. లేనివాళ్ళ పిల్లలకి వెనక గదిలో నేను థియరీ చెప్పేవాణ్ణి. రెండు గదుల మధ్య గోడ ఒంటి చెక్క. మొదటి రోజే నన్ను మిస్యే అని, అంటే అయ్యగారూ అని పిలిచి, చెప్పింది: "మిస్యే, వెనక గదిలో ఎవరూ కూనిరాగం తీయకూడదు. నా పిల్లలకి శృతి చెడుతుంది."

ఆ నియమాన్ని నేను మనసా వాచా పాటించాను. పెదవి కదిలితే స్కేలుతో బల్ల మీద కొట్టేవాణ్ణి. పాడకూడదు, పియానో లేదు, మరి స్వరాల మధ్య దూరాలు పిల్లలకి ఎలా ఎక్కించడం? అప్పుడు తట్టింది నాకా ఉపాయం. మన పెద్దవాళ్ళు జపం చేసేటప్పుడు బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు లెక్కపెడతారు కదా. నాలుగు వేళ్ళు, వేలికి మూడు కణుపులు, మొత్తం పన్నెండు. పియానో మీద ఒక 'డో' (మన 'స' అనుకోండి) నుంచి మళ్ళీ 'డో' వచ్చేలోపు ఉండే మెట్లూ పన్నెండే. చూపుడువేలి అడుగు కణుపు 'డో' అనుకుంటే, మధ్యవేలి నడిమి కణుపు 'మీ', ఉంగరపువేలి నడిమి కణుపు 'సోల్'. బొటనవేలు కదుపుకుంటూ పోతే ఎంత చిక్కు ప్రశ్నకైనా జవాబు దొరుకుతుంది. చప్పుడుండదు.

ఈ పద్ధతి చూసుకుని నేను మురిసిపోయాను. ఇప్పటికీ అది తెలివైన పద్ధతే అంటాను. తెలివైనది కావడమే దానితో వచ్చిన చిక్కు.

మొదటి జవాబు

కొన్నేళ్ళకి సొంతంగా తరగతి పెట్టుకున్నాను, సంత వీధిలో ఒక దుకాణం పై గదిలో. కింద వంకాయలు, చేపలు, గుడ్డలు అమ్మేవాళ్ళ కేకలు. అంత గోలలో ఒకడు కూనిరాగం తీస్తే ఎవరికి నష్టం? అయినా నియమం వదల్లేదు. పరీక్ష హాల్లో నోరు మెదపకూడదు కాబట్టి ఇక్కణ్ణుంచే అలవాటు కావాలని ఒక కొత్త కారణం కల్పించుకున్నాను. పక్క గది కోసం పుట్టిన నియమాన్ని పక్క గది లేనిచోటికి కూడా మోసుకొచ్చానన్నమాట.

మార్కులు మాత్రం దండిగా వచ్చేవి. జనం నన్ను 'వేళ్ళ మిస్యే' అనేవాళ్ళు. మా వాళ్ళకి సర్టిఫికెట్ అంటే మహా భక్తి. ట్రియోలే నుంచి బస్సులో వచ్చే పోస్టాఫీసు గుమస్తా ఒకడు ఎనిమిదో గ్రేడు సర్టిఫికెట్‌కి అద్దం కట్టించి, దేవుడి పటాల వరసలో తగిలించి రోజూ పువ్వు పెట్టేవాడు. అతను కాలేజీలకి మూడుసార్లు దరఖాస్తు పెట్టాడు. మూడుసార్లూ "మీరు ఏ వాయిద్యం వాయిస్తారు?" అని ఒకే ప్రశ్న వచ్చింది. నేనేమన్నానో తెలుసా? "వాళ్ళకి మన పేరు చూసి చిన్నచూపు. ఇంకా పెద్ద డిప్లొమా కట్టు," అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. చిన్నచూపు అసలు లేదని అనను, వలస పాలనలో దానికి కొదవేముంది. కానీ ఆ మూడు ఉత్తరాల్లో ఉన్నది సరైన ప్రశ్న, నేనది చదివి కూడా చదవలేదు.

ఆదిలక్ష్మి

మారిషస్ స్వాతంత్ర్యానికి కొన్నేళ్ళ ముందు బాన్ అక్యూయ్ నుంచి ఆదిలక్ష్మి అనే పదహారేళ్ళ పిల్ల వచ్చింది. తండ్రి అప్పన్న చెరుకు తోటలో సర్దార్, అంటే కూలీల మేస్త్రీ. శనివారాలు ఊళ్ళో రామభజన నడిపించేదీ ఆయనే. నాకన్నా పదేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి.

మొదటి రోజు పుస్తకంలో స్వరాలు చూస్తూ ఆ పిల్ల సన్నగా కూనిరాగం తీసింది. స్కేలుతో బల్ల మీద కొట్టాను. ఉలిక్కిపడి ఆపేసింది. మళ్ళీ నా తరగతిలో ఆమె గొంతు వినపడలేదు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న అప్పన్న నవ్వాడు.

"ఆయో మిస్యే, పాడకుండా పాట నేర్పే బడి ఇదే మొదటిసారి చూడ్డం."

"ఇది పాట కాదు అన్నా, థియరీ," అన్నాను.

"కొరెక్, మిస్యే. మీరు చదువుకున్నవాళ్ళు," అని ఊరుకున్నాడు.

ఆదిలక్ష్మి కోరిక ఒక్కటే. లండన్‌లో మూడేళ్ళు చదివి సంగీతం టీచరుగా తిరిగొచ్చి ప్రభుత్వ బళ్ళో పనిచేయాలి. అప్పటికి మా దీవిలో ఆ ఉద్యోగంలో తోట కూలీల ఇంటి ఆడపిల్ల ఒక్కత్తీ లేదు. ఇరవై నాలుగు దాటితే ప్రభుత్వం ఆ చదువుకి పంపదు, ఇంట్లో పెళ్ళి మాటలు ఎలాగూ మొదలవుతాయి. అందుచేత ఆమెకున్నది ఒకటి రెండు అవకాశాలే.

నాలుగేళ్ళలో గ్రేడులన్నీ ముగించి, పైన డిప్లొమా పేపరు కూడా రాసింది. అన్నిట్లోనూ పై మార్కులే. వారానికి ఒక గంట కాన్వెంటులో పియానో నేర్చుకుంటానని ఒకసారి అడిగింది. "డిప్లొమా అయ్యేదాకా ఆ గంట కూడా దీనికే పెట్టు. ఇది చేతిలో ఉంటే వాళ్ళే పిలుస్తారు," అన్నాను. నా తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. నమ్మకంగా చెప్పాను, ప్రేమతో చెప్పాను. అందువల్ల తప్పు చిన్నదైపోలేదు.

దొర అడిగింది

దరఖాస్తు వెళ్ళింది. ఆ ఏడాది వచ్చే పరీక్షకుణ్ణే ఆమెను చూసి రాయమన్నామని కాలేజీ నుంచి జాబు వచ్చింది. పరీక్ష జరిగే హాల్లో అభ్యర్థుల్ని వరసగా లోపలికి పంపే పని నాదే, అందుకని తలుపు బయటే ఉన్నాను.

ఆదిలక్ష్మి వెళ్ళిన పది నిమిషాలకి దొర తలుపు తీసి నన్ను లోపలికి పిలిచాడు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఆమె పియానో పక్కన నిలబడి ఉంది. చెయ్యి గుండె దగ్గర ఎత్తి పట్టుకుని, బొటనవేలు చూపుడువేలి అడుగు కణుపు మీద ఆనించి ఉంది.

"నేను ఒక స్వరం వాయించి, రెండోది ఏమిటని అడుగుతున్నాను. ఆమె తన చేతిని చూస్తోంది. ఎందుకు?" అన్నాడు.

నాకు గర్వంగా అనిపించిందంటే నమ్మండి. పన్నెండు కణుపుల పద్ధతి మొత్తం వివరించాను. శ్రద్ధగా విన్నాడు. తన వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకున్నాడు కూడా.

"బాగుంది. ఇప్పుడు చెప్పండి, ఆమె రాసే సంగీతం ఆమెకు వినపడుతుందా?"

నేను ఆదిలక్ష్మి వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. ఆయన మళ్ళీ ఒక స్వరం వాయించాడు, వెంటనే ఇంకొకటి. ఆమె బొటనవేలు కదలబోయి ఆగిపోయింది. ఎక్కడికి వెళ్ళాలో దానికి తెలియలేదు. కాగితం మీద స్వరం పేరు రాసి ఉంటుంది కాబట్టి లెక్కపెట్టొచ్చు. చెవిలో పడేదానికి పేరుండదు. ఆ సంగతి అన్నేళ్ళ ఉపాధ్యాయుడికి ఆ గదిలో తెలిసింది.

 తిరుగు బస్సు దిగే ముందు ఆమె, "మీకైనా వినపడుతుందా మిస్యే?" అని అడిగింది. వెటకారం కాదు, తెలుసుకుందామనే. "లేదు," అన్నాను. నా జీవితంలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

నాలుగు నెలలకి ఉత్తరం వచ్చింది. థియరీలో ఆమె పరిజ్ఞానం మెచ్చుకోదగింది, కానీ వాయిద్యమూ గాత్రమూ ఏదీ చూపలేదు, చెవి పరీక్షలో నిలవలేదు, కాబట్టి చేర్చుకోలేము. కావాలంటే మరొక్కసారి ప్రయత్నించవచ్చు. అప్పటికి ఆమెకు ఇరవై రెండు నడుస్తున్నాయి. నా రెండో జవాబు పుట్టింది ఆ ఉత్తరంలోంచే. ఆ తర్వాత కొన్ని నెలలు ఎవరు వచ్చి అడిగినా "రాదు" అని మొహం మీదే చెప్పి పంపాను. అది కూడా నిజాయితీ కాదు, ఉక్రోషం.

రామభజన

ఒక శనివారం అప్పన్న మా ఇంటికి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. "మా భజనకి రండి మిస్యే. అన్నేళ్ళు మా పిల్లకి చదువు చెప్పి మా ఇంట్లో ఒక్క ముద్దయినా తినలేదు," అన్నాడు. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను.

మా రామభజన చూడనివాళ్ళకి ఒక మాట. నడుమ ఎత్తయిన దీపస్తంభం, చుట్టూ జనం, రెండు చేతుల్లో కంచు తాళాలు, కుడికి ఎడమకి అడుగులు వేస్తూ తిరుగుతూ పాడతారు. జోరు ఎక్కినకొద్దీ అప్పన్న శృతి పెంచేవాడు. చెప్పి పెంచడు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి పైకి ఎక్కేస్తాడు. మిగతావాళ్ళు ఒక చరణం తడబడి అందుకుంటారు. ఆ రోజు నేను చూసిందేమిటంటే, తడబడని గొంతు ఒక్కటే ఉంది. ఆదిలక్ష్మిది. తండ్రి ఎక్కిన క్షణానే ఆమె ఎక్కేది. ఆయన గొంతు మరీ పైకి పోయినప్పుడు తను కింద ఇంకో స్వరం పట్టుకుని దానికి జతగా నడిపేది. పాఠంలో నేను నాలుగేళ్ళు పెన్సిలుతో గీయించింది అదే.

భజన ముగిశాక భోజనానికి చెయ్యి కడుక్కోకుండానే ఆదిలక్ష్మిని అడిగాను. "మొదలుపెట్టిన శృతికీ ముగించిన శృతికీ తేడా ఎంత?"

ఆమె తాళాలు కింద పెట్టింది. చెయ్యి గుండె దగ్గరికి వచ్చింది. బొటనవేలు కదిలింది. "ఏడు కణుపులా మిస్యే?" అంది. గుడి హార్మోనియం వాయించేవాడు ఆ రెండు శృతుల మెట్లూ చూపించాడు. తప్పు.

ఆ తర్వాత నేను చేసిన పనికి నా తెలివి కారణం కాదు. ఆ చెయ్యి చూస్తే నాకు కంపరం పుట్టింది, అంతే. తాళాలు తీసి, వాటి తాళ్ళు ఆమె రెండు చేతుల వేళ్ళకీ చుట్టి, "ఇవి వదలొద్దు. మొదటిది పాడు. ఇప్పుడు చివరిది పాడు. ఎంత?" అన్నాను.

పాడింది. రెండూ పాడి, రెప్ప వేయకుండా, "'డో' నుంచి 'మీ'కి," అంది. హార్మోనియం కూడా అదే అంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాడన్న సామెతకి నాకన్నా సరిపోయేవాడు ఉండడు. "ఇంత తెలిసి ఇన్నాళ్ళూ ఎందుకు పాడలేదే?" అని అరిచాను.

"మీరు వద్దన్నారు కదా మిస్యే," అంది.

అప్పన్న వడ్డిస్తూ ఉన్నాడు. తలెత్తకుండానే, "పాలు మరిచిన నాటి నుంచి పాడుతోంది. మీరు అడగలేదు, మేం చెప్పలేదు," అన్నాడు.  సిగ్గేసింది. ఇంత కాలానికి కూడా ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఉత్తరంలో రాసింది

ఆ వారం నుంచి ప్రతి శనివారం పొద్దున బాన్ అక్యూయ్ వెళ్ళాను. గుడి హార్మోనియం నేను నొక్కేవాణ్ణి, తాళాలు పట్టుకుని ఆమె జవాబు చెప్పేది. మొదట్లో తాళ్ళ మధ్య బొటనవేలు అల్లాడేది, నీళ్ళలోంచి తీసిన చేపలాగా. నెల తిరిగేసరికి ఊరుకుంది. చెవి విన్నదానికి పేరు పెట్టడం మొదలైంది. ఆ పేర్లన్నీ ఆమెకు ముందే తెలుసు. అక్కడే ఒక నిజం ఒప్పుకోవాలి, థియరీ వృథా పోలేదు. ఏ పేరూ తెలియని గొప్ప చెవులు మా భజనల్లో బోలెడున్నాయి. ఆమెకు రెండూ ఉన్నాయి, వాటి మధ్య దారి మాత్రం నేను మూసేశాను.

ఈసారి గాత్రం ప్రధానంగా దరఖాస్తు పెట్టాలని అనుకున్నాం. పరీక్షలో రెండు ఇంగ్లీషు పాటలు పియానో తోడుగా పాడాలి. పియానో ఎవరు వాయిస్తారు? తల వంచుకుని మదామ్ ఎలీజ్ దగ్గరికి వెళ్ళాను. జుట్టు తెల్లబడింది, నడుముకు బీగం చెవి అలాగే ఉంది. కథంతా విని ఒక్క మాట అడిగింది.

"ఆ నియమం నేను పెట్టింది నా గోడ పలచన కాబట్టి. మీ గదికి ఆ గోడ లేదు కదా. మీరెందుకు పెట్టుకున్నారు?"

"మీరు చెప్పారు కాబట్టి, మదామ్."

"నేను తెల్లదాన్ని, పియానో ఉన్నదాన్ని, కాబట్టి సంగీతమంటే అదేననుకున్నారు," అని బీగం తీసింది. "అమ్మాయిని మంగళవారం తీసుకురండి. గట్టిగా పాడమనండి."

నా పై అధికారుల్లో నాకు అత్యంత కష్టమైన మాట చెప్పింది ఆమే. అత్యంత ఉపకారం చేసిందీ ఆమే. ఎనిమిది నెలలు ఒక్క మంగళవారం తప్పలేదు.

ఇక దరఖాస్తు కాగితంలో ఉపాధ్యాయుడి అభిప్రాయం రాయాల్సిన గడి. పోయినసారి అందులో నా పద్ధతి గురించి గొప్పలు రాశాను. ఈసారి రెండు రోజులు కలం పట్టుకుని కూర్చున్నాను. ఆమె పోయినసారి ఎందుకు విఫలమైందో వాళ్ళకి తెలియకపోతే, ఏడాదిలో చెవి వచ్చిందంటే ఎవరు నమ్ముతారు? తెలిస్తే, దీవిలో థియరీ చెప్పే వేళ్ళ మిస్యే పని అయిపోయినట్టే. అప్పుడు నా తరగతిలో ముప్పై మందికి పైగా ఉన్నారు. ఆ పరీక్షల వాళ్ళ చెవిన పడితే ఇకముందు నా పిల్లల్ని ఏ కళ్ళతో చూస్తారు?

చివరికి రాశాను. "ఈ అభ్యర్థి చెవిలో లోపం లేదు. నాలుగేళ్ళు ఆమెను పాడనివ్వకుండా ఆపింది నేను. లెక్కపెట్టడం నేర్పి వినడం మాన్పించింది నేను. పోయిన ఏడాది మీరు పరీక్షించింది నన్ను. ఈసారి దయచేసి ఆమెను పరీక్షించండి." పోస్టులో వేశాక చాలా రోజులు పోస్టుమాన్‌ని చూస్తే పక్క వీధిలోకి తప్పుకున్నాను. భయమే, ఇంకేం కాదు.

ఆ ఏడాది వేరే దొర వచ్చాడు. నా ఉత్తరం నకలు అతని ఫైల్లో ఉంది. ఆదిలక్ష్మి లోపలికి వెళ్తూ తాళాలు చూపించి, ఇవి పట్టుకోవచ్చా అని అడిగింది. అతను ఫైలు చూసి, నన్ను చూసి, "పట్టుకోండి," అన్నాడు. తలుపు మూసుకుంది. మదామ్ పియానో వినపడింది, దాని మీద ఆదిలక్ష్మి గొంతు వినపడింది. తర్వాత చెవి పరీక్ష. ఒక స్వరం, వెంటనే జవాబు. ఇంకొకటి, వెంటనే జవాబు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆ జవాబులు ఒప్పో తప్పో బయట నిలబడ్డ నాకు తెలియదు. ఆగలేదన్నది మాత్రం తెలిసింది, దానికే నా కళ్ళు నిండాయి.

మూడో జవాబు

సీటు వచ్చింది. ఆమె దరఖాస్తు బయల్దేరింది వలస దేశం నుంచి, జవాబు వచ్చి చేరింది స్వతంత్ర దేశానికి. ఆ ఉత్తరంలో థియరీ గురించి ఒక్క వాక్యమే ఉంది, డిప్లొమా పాసైంది కాబట్టి మొదటి ఏడాది థియరీ తరగతులకి రానక్కర్లేదని. మామూలు వాక్యంలా కనపడుతుంది గానీ, దాని విలువ తర్వాత ఆమె లండన్ నుంచి రాసినప్పుడు తెలిసింది. మిగతావాళ్ళు థియరీ తరగతిలో ఉండే గంటల్లో పియానో గదులు ఖాళీగా ఉండేవి. అవన్నీ ఆమెవే అయ్యాయి. కాన్వెంటులో నేను వద్దన్న గంట అలా తిరిగొచ్చింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ప్రయాణం, చదువు ఖర్చు ప్రభుత్వం భరించింది. ఆ నిర్ణయం తీసుకున్న అధికారుల్లో ఒక్కరికీ సంగీతం తెలియదు. వాళ్ళు చూసింది కాగితాలే. అక్కడ ఆమె సర్టిఫికెట్ల కట్ట అందరికన్నా మందంగా ఉంది. కాబట్టి థియరీ దండగ అనేవాళ్ళ మాట నమ్మకండి. చెవి లేని ఆఫీసుల్లో అది మీ తరఫున మాట్లాడుతుంది, కాలేజీలో చేరాక మీకు సమయం మిగులుస్తుంది. సీటు మాత్రం అది ఇవ్వదు. పాడేదో వాయించేదో ఒకటి ఉండాలి, రాసింది వినపడాలి. థియరీ చెప్పేవాడికి ఒక్క మాట, మీకు వినపడకపోతే ముందు ఆ సంగతి పిల్లలకి చెప్పండి. చెప్పకుండా దాన్ని ఒక పద్ధతిగా మార్చకండి.

ఇప్పుడు ఎవరైనా కాగితాల కవరు పట్టుకుని వచ్చి సీటు వస్తుందా అంటే నేను కవరు విప్పను. ఒక జత కంచు తాళాలు చేతికిచ్చి, "ఒకటి పాడమ్మా," అంటాను. నా మూడో జవాబు అదే. ఆ తాళాలు నా దగ్గరికి ఎలా వచ్చాయో చెప్పి ముగిస్తాను.

పోర్ట్ లూయీ రేవులో ఓడ ఎక్కే రోజు ఆదిలక్ష్మి చేతిసంచిలోంచి రుమాలు మూట తీసింది. భజనలో ఆమె పట్టుకునే తాళాలు.

"ఇవి మీకు మిస్యే. చేతులు ఖాళీగా ఉంటే మళ్ళీ లెక్కపెడతారు," అని, ఒకప్పుడు నేను ఆమెకు చుట్టినట్టే వాటి తాళ్ళు నా వేళ్ళకి చుట్టింది. కాళ్ళకి దణ్ణం పెట్టి, తండ్రి భుజం మీద ఒకసారి తల ఆనించి వెళ్ళిపోయింది.

ఓడ కూత పెట్టింది. పొడుగ్గా, లావుగా, రేవంతా అదిరేలా. అప్పన్న ముఖం పక్కకి తిప్పుకుని ఉన్నాడు. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడ్చేస్తానని భయం కాబోలు, "అది ఏ స్వరం మిస్యే?" అన్నాడు.

నా బొటనవేలు కదిలింది. తాడు అడ్డొచ్చింది. అంతమంది మధ్య, పక్కన కూలీలు పెట్టెలు దించుతుండగా, ఇరవై ఏళ్ళు పిల్లల్ని పెదవి కదపనివ్వని నేను నోరు తెరిచి ఆ కూతను పాడాను. తప్పో ఒప్పో చెప్పగల మనిషి అప్పటికే ఓడ మెట్లు ఎక్కుతోంది.